రెండు చుక్కల షాఫ్ట్

పోలీసు కస్టడీ గడువు తీరి మేస్త్రిని మళ్లీ మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడానికి ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాలు మిగిలాయి. స్టేషన్ వరండాలో గోడ గడియారం ఒంటిగంటా నలభై మూడు చూపిస్తుంటే డిటెక్టివ్ తన చేతి గడియారంతో సరిచూసుకుంది. గోడది మూడు నిమిషాలు ముందుంది. ఈ స్టేషన్‌లో గడియారానికి కూడా తొందరే అనుకుని, ఆ తర్వాత దాని వంక చూడడం మానేసింది.

పైకి చూస్తే కేసు చాలా చిన్నది. మంగళవారం పొద్దున పది నలభైకి, కొండ మీది ఆసుపత్రి వాళ్ల ఒకటో నెంబరు బండి పిల్లలకి టీకాలు వేసి దిగివస్తూ మూడో మలుపులో అదుపు తప్పి నలభై అడుగుల లోతున పడింది. నాలుగు చక్రాలూ లాగే పాతకాలపు జీపు అది. లోపలున్న డాక్టరమ్మ అక్కడికక్కడే పోయింది. డ్రైవరు తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాడు. తీరా చూస్తే బండి వెనక షాఫ్ట్ జాయింటు విరిగి ఉంది. సరిగ్గా ఆ జాయింటునే అంతకు ముందు శనివారం మేస్త్రి విప్పి, కొత్త క్రాసు వేసి, గ్రీజు పట్టించినట్టు షెడ్డు రిజిస్టరులో ఆయన చేతిరాతే ఉంది. విరిగిన ముక్కలో మాత్రం మచ్చుకి కూడా గ్రీజు లేదు.

క్రాసంటే కూడిక గుర్తులా ఉండే చిన్న ఇనుప ముక్క. దాని నాలుగు కొమ్ములకీ నాలుగు కప్పులు, కప్పుల్లో సన్నటి సూది బేరింగులు ఉంటాయి. ఇంజను బలమంతా దాని మీదుగానే షాఫ్ట్‌లోకి, అక్కణ్ణుంచి వెనక చక్రాలకి వెళ్తుంది. గుప్పెట్లో పట్టే ఆ ముక్క అడిగేదల్లా వేళకింత గ్రీజు. అది పెట్టకపోతే ఏమవుతుందో డిటెక్టివ్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. ఇన్సూరెన్సు కంపెనీ కోసం పన్నెండేళ్లు విరిగిన బండ్ల కింద పడుకుని, ఆ తర్వాత సొంతంగా బోర్డు పెట్టుకున్న మనిషి ఆవిడ.

దానికి తోడు మేస్త్రి తప్పు ఒప్పుకున్నాడు. పాత క్రాసే వదిలేశాను, గ్రీజు కొట్టలేదు, కొట్టానని దొంగ రాత రాశాను అన్నాడు. నాలుగింటికి అదే మాట మేజిస్ట్రేటు ముందు చెబితే ఇక వెనక్కి తీసుకోవడం బ్రహ్మతరం కాదు. అరవై రెండేళ్ల వయసులో, ఆ ఆయాసపు గుండెతో జైలుకి వెళ్తే మనిషి తిరిగి ఇంటికొస్తాడన్న ఆశ ఎవరికీ లేదు.

ఒప్పుకోలుని నమ్మనిది ఒక్కతే, ఆయన భార్య. కంటి ఆపరేషను జరిగి నాలుగు రోజులైనా కాలేదు, నల్లద్దాలు పెట్టుకుని వరండా బెంచీ మీద కూర్చుంది. ఒళ్లో మూడు గిన్నెల కేరియరు ఉంది. మేస్త్రీ, డిటెక్టివ్ వాళ్ల నాన్నా ఒకే షెడ్డులో పని నేర్చుకున్నవాళ్లు కాబట్టి డిటెక్టివ్‌కి ఆయన బాబాయ్, ఈవిడ పిన్ని. పొద్దున బస్టాండులో దిగిన డిటెక్టివ్‌ని ఎక్కించుకొచ్చింది వాళ్ల అబ్బాయే. అదే ఆసుపత్రిలో రెండో నెంబరు బండి డ్రైవరు అతను. దారంతా ఉలుకూ పలుకూ లేదు. బండి మాత్రం గతుకుల్లో కూడా నున్నగా నడిచింది. తండ్రి లాకప్పులో ఉంటే ఏ కొడుకు కబుర్లు చెబుతాడులే అని ఆవిడా కదిలించలేదు.

"ఆయన నాకు అన్నం పెట్టడం మర్చిపోయినా నమ్ముతాను గానీ బండికి గ్రీజు పెట్టడం మర్చిపోయాడంటే నమ్మనమ్మాయ్," అంది పిన్ని. నలభై ఏళ్ల కాపురం చేసిన మనిషి మాట అది. కోర్టులో పనికిరాదు గానీ డిటెక్టివ్‌కి పనికొచ్చింది.

లాకప్పులో మేస్త్రి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. డిటెక్టివ్ మొదట ఆయన చేతులు చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ గోళ్ల కింద నలుపు లేకుండా చూడలేదు. మూడు రోజులకే తెల్లబడ్డాయి.

"గ్రీజు కొట్టలేదా బాబాయ్?"

"కొట్టలేదు."

"కొత్త క్రాసు?"

"వెయ్యలేదు. బద్ధకించాను. రాసుకో."

ఆవిడ రాసుకోలేదు. ఊళ్లో సంగతులు మాట్లాడినట్టే మాట్లాడుతూ కూర్చుంది. స్టోరుకి కొత్త క్రాసులెన్ని వచ్చాయని అడిగితే ఒక్కటే వచ్చిందన్నాడు. ఒకటో బండి ఎక్కువ ఎత్తుకి వెళ్తుంది, డాక్టరమ్మ దాంట్లోనే తిరుగుతుంది, అందుకని దానికి తీసి పెట్టాడట. రెండో బండికి వచ్చే వారం రావాల్సి ఉందట. ఇంతలో ఆవిడ మాటల్లో మాటగా, గ్రీజు ఎక్కించే నిపిల్ బ్రేకు డ్రమ్ము వైపుకి పెడితే నయమా, షాఫ్ట్ వైపుకా అని అడిగింది. మేస్త్రి కళ్లలోకి ప్రాణం వచ్చింది.

"డ్రమ్ము వైపుకి పెడితే గ్రీజు గన్ను పడుతుందా? మీ నాన్న నేర్పలేదూ? షాఫ్ట్ వైపుకే. కొట్టడమంటే మొక్కుబడిగా రెండు నొక్కులు నొక్కడం కాదు. నాలుగు కప్పుల్లోంచీ గ్రీజు పైకి కనపడాలి. శనివారం మూడింట్లోంచే వచ్చింది, నాలుగోది మొండికేసింది. మళ్లీ విప్పి, సూదులన్నీ సర్ది..."

అక్కడ ఆగిపోయాడు.

"వెయ్యని క్రాసుకి నాలుగో కప్పు మొండికేసిందని ఎలా తెలిసింది బాబాయ్?"

ఆయన కటకటాల కింద నేల చూస్తూ, మావాడు తిన్నాడా అని అడిగాడు. తిన్నాడంది.

"వాణ్ణి ఇక్కడ తిరగొద్దని చెప్పు. మా అన్న దగ్గరికి వెళ్లిపొమ్మను. ఇవాళే వెళ్లమను."

కన్నకొడుకు తనని కటకటాల వెనక చూడడం ఇష్టం లేదు కాబోలు అనుకుంది డిటెక్టివ్. ఆ అనుకోవడమే ఆ రోజు ఆవిడ చేసిన పొరపాటు.

రెండుంపావుకి ఇన్‌స్పెక్టరు గదిలో ఉంది. ఆయన చాటు పేరు అర్జెంటు. ఏ కేసూ నాలుగు రోజులు దాటి తన బల్ల మీద ఉండకూడదని ఆయన పట్టుదల. అందుకు పైవాళ్ల మెప్పు కూడా ఉంది. డిటెక్టివ్ అంటే మాత్రం ముక్కు మీద కోపం. పోయినేడు ఆయన మూసేసిన కేసొకటి ఆవిడ తెరిపించి పత్రికలకెక్కింది మరి.

స్టేషన్ డైరీ చూపించమంటే మొదట నవ్వాడు. పిన్ని పెట్టుకున్న వకీలు ఇచ్చిన కాగితం బల్ల మీద పెట్టాక చూపించాడు. మంగళవారం సాయంత్రం ఐదూ పదికి మేస్త్రిని తీసుకొచ్చారు. కొత్త క్రాసు వేశాను, గ్రీజు నిండా పట్టించాను, చూపించండి అని వాదించాడు. ఐదున్నరకి వెనక దొడ్లోకి తీసుకెళ్లి విరిగిన షాఫ్ట్ చూపించారు. ఐదూ నలభై ఐదుకి ఒప్పుకోలు మీద సంతకం ఉంది.

"పావుగంటలో మనిషి మాట ఎలా మారిందంటారు?" అంది.

"సాక్ష్యం ఎదురుగా కనపడితే ఎవడైనా దిగొస్తాడు మేడమ్. చెయ్యి కూడా వెయ్యలేదు. కావాలంటే ఒళ్లంతా చూసుకోండి."

ఆ మాట ఆవిడ నమ్మింది. దెబ్బ తిన్నవాడి వాలకం కాదది. డైరీ కింద డ్రైవరు వాంగ్మూలం ఉంది. సోమవారం పొద్దుటి నుంచీ రివర్సు తీసి ముందుకి వేసినప్పుడల్లా కింద టక్కుమని చప్పుడొచ్చిందని, షెడ్డులో చెబితే కొత్త జాయింటు కదా సర్దుకుంటుందన్నారని ఉంది. మంగళవారం మలుపులో కింద ఏదో విరిగి నేలకేసి కొట్టుకున్న చప్పుడైందట. కాలి బ్రేకు నొక్కితే పాదం నేలకంటా దిగిపోయింది, హ్యాండ్ బ్రేకు ఆఖరిదాకా లాగాను, బండి ఆగలేదు. అంతే రాసుంది.

షెడ్డులో ఎవరితో చెప్పాడని అడిగింది. మేస్త్రితో, ఇంకెవరితో అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆదివారం సాయంత్రం నుంచీ మంగళవారం మధ్యాహ్నం దాకా మేస్త్రి కంటి ఆసుపత్రిలో పెళ్లాం మంచం పక్కన ఉన్నాడు. చీటీలున్నాయి."

"ఫోన్లో చెప్పుంటాడు."

"డ్రైవర్ని అడిగారా?"

ఆయన పెన్ను మూత పెట్టి, డ్రైవరుకి మత్తు మందిచ్చి పడుకోబెట్టారని, మేస్త్రి ఒప్పుకున్నాక ఇక అడిగేదేముందని అన్నాడు. మూడూ నలభైకి మేస్త్రిని కోర్టుకి తీసుకెళ్లే బండి బయల్దేరుతుందని కూడా గుర్తు చేశాడు. డిటెక్టివ్ అప్పటికే గుమ్మం దాటింది.

వెనక దొడ్లో ఒకటో నెంబరు బండి పక్కకి ఒరిగి ఉంది. ముందు అద్దం లేదు, తలుపొకటి లేదు. సీటు కింద టీకా సీసాల పెంకులు, ఒక ఆడ చెప్పు, పిల్లల పేర్లున్న చిన్న రిజిస్టరు కనిపించాయి. ఆఖరి పేరు ఎదురుగా సగం గీసిన టిక్కు ఉంది. డిటెక్టివ్ రిజిస్టరు మూసి సీటు మీద పెట్టింది. ఆ డాక్టరమ్మ మొహం ఆవిడ ఎప్పుడూ చూడలేదు, అయినా ఒక నిమిషం పని సాగలేదు.

తర్వాత చాప వేసుకుని కిందకి దూరింది. షాఫ్ట్ ముందు కొస జాయింటు దగ్గర తెగి వేలాడుతోంది. తెగిన కొస గిరగిరా తిరుగుతూ పక్కనున్న బ్రేకు గొట్టాన్ని కత్తిరించేసింది. అదీ కాలి బ్రేకు కథ. ఇక హ్యాండ్ బ్రేకు. ఈ పాత బండ్లలో అది చక్రాల్ని పట్టుకోదు, గేరు పెట్టె వెనకున్న డ్రమ్ముని పట్టుకుంటుంది. డ్రమ్ము షాఫ్ట్‌ని, షాఫ్ట్ చక్రాల్ని ఆపాలి. మధ్యలో క్రాసు విరిగాక డ్రమ్ముని ఎంత బిగించినా చక్రాలకి వార్త అందదు. గుప్పెడు ఇనుము విరగ్గానే ఆ మనుషులకి ఉన్న రెండు బ్రేకులూ ఒకేసారి పోయాయి.

విరిగిన క్రాసు కొమ్ముని వేలితో తడిమింది. సూదులు ఒత్తుకుని పడ్డ గీతలు గోరుకి తగిలేంత లోతున్నాయి. కప్పులో ఎర్రటి పొడి ఉంది. తుప్పు నలిగి పొడైంది. నిపిల్ రంధ్రంలో మట్టి రాయిలా గట్టిపడింది. ఇది శనివారం నుంచీ మంగళవారం దాకా అయ్యే పని కాదు, నెలల తరబడి ఎండిన క్రాసు. డ్రమ్ము మొహాన్ని గుడ్డతో తుడిస్తే అంచున పంచ్‌తో కొట్టిన చుక్క ఒకటి కనిపించింది. దానికెదురుగా షాఫ్ట్ అంచున రెండు చుక్కలున్నాయి. విప్పిన వరసలోనే బిగించడానికి పనివాళ్లు పెట్టుకునే గుర్తులని ఆ క్షణానికి వదిలేసింది.

బయటికొచ్చేసరికి ఇన్‌స్పెక్టరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏం తేల్చారని అడిగాడు.

"మేస్త్రి రిజిస్టరులో రాసింది ఈ క్రాసు గురించి కాదు. ఇది నెలల నాటి ఎండు క్రాసు."

"నేననేదీ అదే కదా. పాతది వదిలేసి కొత్తది వేశానని రాశాడు. నా కేసుని మీరే గట్టి చేస్తున్నారు, థాంక్స్."

"మరి కొత్త క్రాసు ఏదీ? స్టోరు నుంచి తీసుకున్న సంతకం ఉంది. షెడ్డంతా వెతికారా?"

"అమ్ముకునుంటాడు."

"నలభై ఏళ్లలో ఒక నట్టు అమ్ముకోని మనిషి."

"మీ నాన్నా ఆయనా ఒకే పళ్లెంలో తిన్నవాళ్లట కదా," అన్నాడు ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి. "అభిమానం ఉండొచ్చు మేడమ్. పోయిన డాక్టరమ్మకీ ఒక తండ్రి ఉన్నాడు. రోజూ పొద్దున్నే వచ్చి ఆ బల్ల మీద కూర్చుంటున్నాడు. ఆయనకి నేనేం చెప్పను?"

మొదటిసారిగా డిటెక్టివ్‌కి ఈ మనిషి మీద కోపం సగానికి తగ్గింది. అదే మంచిది కూడా, కోపంగా ఉంటే ఆవిడకి బుర్ర పనిచెయ్యదు.

మూడుంపావుకి వరండాలోకి వచ్చింది. లోపలికి పంపిన కేరియరు తిరిగొచ్చింది. మేస్త్రి రెండు ముద్దలు కూడా తిన్నట్టు లేదు. కానిస్టేబులు గిన్నెల్ని ఎలా పడితే అలా పేర్చి ఇచ్చాడు కాబోలు, కమ్మీ పడడం లేదు. పిన్ని నల్లద్దాల వెనక నుంచి సరిగ్గా కనపడక, గిన్నెల అంచులూ మూతల అంచులూ వేళ్లతో తడుముతోంది. ఒకటి తీసి పక్కన పెట్టి, రెండోదాని మీద ఇంకో మూత బిగించింది. చక్కగా కూర్చుంది.

ఏం వెతుకుతున్నావు పిన్నీ అని అడిగింది డిటెక్టివ్.

"చుక్కలమ్మా. మీ బాబాయ్ చాదస్తం. దేని మూత దానికే పడాలని గిన్నెలకి కూడా పంచ్‌తో చుక్కలు కొట్టాడు. ఒక చుక్క గిన్నెకి ఒక చుక్క మూత. బండ్లకీ అంతేనట, ఒకటో బండి సామానుకి ఒకటి, రెండో బండికి రెండు. ఒకదాని సామాను ఇంకోదానికి వేస్తే ఆయనకి తిండి సయించదు."

డిటెక్టివ్ లేచి నిలబడింది. డ్రమ్ము మీద ఒకటి, షాఫ్ట్ మీద రెండు. పడిపోయిన ఒకటో బండి కింద ఉన్నది రెండో బండి షాఫ్ట్. మంగళవారం సాయంత్రం దొడ్లో మేస్త్రి కూడా చూసింది దాన్నే. చూసిన పావుగంటకి సంతకం పెట్టాడు. అమ్ముకున్నాడంటున్న కొత్త క్రాసు ఎక్కడుందో, పొద్దున బస్టాండు నుంచి అంత నున్నగా తనని మోసుకొచ్చింది ఏమిటో, రెండూ ఒక్కసారే తెలిశాయి.

పిన్నితో ఇప్పుడే వస్తానని చెప్పి మెట్లు దిగింది.

రెండో నెంబరు బండి స్టేషన్ ముందు వాలు రోడ్డు మీద, మొహం కిందకి పెట్టి ఆగి ఉంది. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. కుర్రాడు వీధి చివర కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. వెనక చక్రం ముందు రాయి ఉందా లేదా అని చూసుకుంది. బండి కిందకి దూరేముందు చక్రానికి రాయి, ఇది వాళ్ల నాన్న నేర్పిన మొదటి పాఠం. రాయి ఉంది. టైము మూడూ ఇరవై రెండు. ఇన్‌స్పెక్టర్ని పిలుచుకొచ్చి చూపించాలంటే ముందు తను చూడాలి. తమ్ముడూ అని పిలిచిన మనిషి మీద నేరం మోపేముందు ఒక్కసారి కళ్లతో చూసుకోవాలి. వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది.

డ్రమ్ము మొహం నిండా ఎవరో మందంగా గ్రీజు పూసి, దాని మీద మట్టి అద్దారు. జేబురుమాలుతో గట్టిగా తుడిచింది. రెండు చుక్కలు కనిపించాయి. షాఫ్ట్ అంచు తుడిచింది. ఒక్కటే ఉంది. వాటి మధ్య కొత్త క్రాసు మెరుస్తోంది. నిపిల్ షాఫ్ట్ వైపుకే ఉంది. నాలుగు కప్పుల అంచుల్లోనూ సన్నటి గ్రీజు ఉంగరాలున్నాయి, మొండికేసిన నాలుగోదాంట్లో కూడా. వంక పెట్టలేని పని. ఆ పని చేసిన మనిషి చెయ్యలేదని సంతకం పెట్టి లోపల కూర్చున్నాడు.

ఆదివారం షెడ్డుకి సెలవు. పక్కపక్కనే రెండు బండ్లు. ఒక్కో షాఫ్ట్‌కి ఎనిమిది బోల్టులు. మేస్త్రి ఇంట్లో పెరిగినవాడికి రెండు గంటల పని. ఆ మార్పిడి వల్ల మేలు జరిగింది ఒకే ఒక్క మనిషికి.

అప్పుడు చక్రం ముందున్న రాయి కదిలింది.

ఒక చెయ్యి దాన్ని పట్టుకుని నెమ్మదిగా పక్కకి లాగింది. ఆ చేతి పక్కన రబ్బరు చెప్పులు కనిపించాయి. కింద నేనున్నాను తమ్ముడూ అంది డిటెక్టివ్.

"తెలుసక్కా."

చెప్పులు ముందుకి నడిచాయి. తలుపు తెరుచుకుంది, సీటు స్ప్రింగులు కుయ్యిమన్నాయి. ఆవిడ పక్కకి దొర్లాలంటే చక్రం దారిలోకే దొర్లాలి. అలాగే ఉంటే వెనక ఇరుసు మధ్యనుండే ఇనుప గుండు ఆవిడ మీదుగా పోతుంది. దానికీ నేలకీ మధ్య జానెడు సందుంది, ఆవిడ అంతకంటే మందం. పైన హ్యాండ్ బ్రేకు మీట టిక్కుమంది. మొహానికి బెత్తెడు దూరంలో డ్రమ్ము వేలెడంత తిరిగింది. బండి గేర్లో లేదు.

"వారం రోజులే అనుకున్నానక్కా," అన్నాడు పైనుంచి. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. "నా బండికి రోజూ గ్రీజు కొట్టమన్నాడు నాన్న. కొడుతున్నానని చెప్పాను. ఒక్కరోజూ కొట్టలేదు. తర్వాత కొడదామంటే నిపిల్ పూడిపోయింది. వచ్చే వారం నాన్న విప్పితే నా అబద్ధం బయటపడుతుంది. ఇంతలో దిగుడులో విరుగుతుందేమోనని భయం. కొత్త క్రాసు రాగానే నేనే గుట్టుగా వేసి, మళ్లీ దేనిది దానికి పెట్టేద్దామనుకున్నాను."

"సోమవారం డ్రైవరు టక్కుమంటోందని చెప్పాడు కదా. ఎవరితో చెప్పాడు?"

పైన సీటు స్ప్రింగులు మళ్లీ కుయ్యిమన్నాయి.

"నాతోనే. సర్దుకుంటుందన్నాను."

డ్రమ్ము ఇంకో వేలెడు తిరిగింది. టైరు కింద ఇసక కరకరమంది. డిటెక్టివ్‌కి భయమేసింది. చావంటే భయం లేదని ఎప్పుడూ చెప్పుకోని మనిషి ఆవిడ. ఏదో ఒకటి మాట్లాడాలి. బతిమాలితే పని జరగదని తెలుసు. చేతిలో ఉన్నది ఒకే ఒక్క నిజం.

"మంగళవారం సాయంత్రం మీ నాన్నకి ఆ షాఫ్ట్ చూపించారు. అప్పటిదాకా నా పని నిక్కచ్చి అని వాదించాడు. రెండు చుక్కలు చూశాకే తప్పు నాదన్నాడు."

డ్రమ్ము తిరగడం ఆగింది.

"నాన్నకి తెలుసా?"

"మూడు రోజులుగా తెలుసు. నిన్ను మీ పెదనాన్న దగ్గరికి పంపెయ్యమన్నాడు. నేనే అర్థం చేసుకోలేదు."

"నాన్న శనివారం నిజంగానే ఏదో మర్చిపోయాడేమో అనుకున్నానక్కా. అలా అనుకుంటేనే నిద్ర పట్టేది."

టిక్కుమని ఒక పన్ను, మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి, మీట ఆఖరిదాకా వెనక్కి వచ్చింది. డ్రమ్ము బిగుసుకుంది. దాన్ని పట్టుకున్న షాఫ్ట్, షాఫ్ట్‌ని పట్టుకున్న కొత్త క్రాసు పిసరంత కూడా కదల్లేదు. తలుపు తెరుచుకుంది. రబ్బరు చెప్పులు వెనక్కి నడిచాయి. రాయిని చక్రం ముందుకి తోసి, మడమతో రెండుసార్లు తన్ని గట్టి చేశాయి. మేస్త్రి అలాగే తంతాడు.

డిటెక్టివ్ బయటికొచ్చి కూర్చునేసరికి మూడూ ముప్పై ఎనిమిది. జేబురుమాలు నల్లగా ఉంది. స్టేషన్ మెట్ల మీద ఇన్‌స్పెక్టరు ఫైలు చంకలో పెట్టుకుని, పోలీసు బండి డ్రైవర్ని తొందరపెడుతున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య మేస్త్రి నడిచొస్తున్నాడు. ఆయన మొదట ఆవిడ చేతిలో జేబురుమాలు చూశాడు, తర్వాత పక్కన నిలబడ్డ కొడుకుని చూశాడు.

"నువ్వింకా వెళ్లలేదురా?" అన్నాడు.

పిన్ని కేరియరు పట్టుకుని, గోడ తడుముకుంటూ ఆఖరి మెట్టు దాకా వచ్చింది. ఆవిడకి ఎవరి మొహమూ సరిగ్గా కనపడడం లేదు.

"ఏమైనా దొరికిందా అమ్మాయ్? ఆయన్ని వదులుతారా?"

డిటెక్టివ్ నోరు తెరిచింది. ఇంత పెద్ద ప్రశ్నకి ఆవిడ దగ్గరున్న జవాబు ఇద్దరిలో ఒకర్ని తీసుకుపోతుంది. ఆవిడ మాట కూడదీసుకునేలోపు కుర్రాడు ముందుకి కదిలాడు.

"దొరికిందమ్మా," అన్నాడు. తల్లి చేతిలో కేరియరు అందుకుని బెంచీ మీద పెట్టి, నేరుగా ఇన్‌స్పెక్టరు దగ్గరికి నడిచాడు.